కథ ఉంచండి, డిటెక్టివ్‌ను తీసేయండి: టెక్ పార్కులో మాక్ డ్రిల్ గురించి

మీరడిగింది ఇదీ. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక టెక్ పార్కు, అందులో 24 మంది ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీం. సగం మంది అనంతపురం, చిత్తూరు వైపు కుర్రాళ్లు, మిగతావాళ్లు కన్నడం, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు. ఏటా జరిగే ఫైర్ డ్రిల్ అందరికీ విసుగెత్తింది. ఈసారి టీవీలో సీఐడీ ఎపిసోడ్ లాగా పెడదామని మీ మేనేజర్ ఆలోచన. పాంట్రీలో ఒకడు నెత్తుటి మడుగులో పడి ఉంటాడు, పక్కన కత్తి ఉంటుంది, టీం వచ్చి ఎవరు పొడిచారో తేల్చాలి. దీనివల్ల పనికొచ్చేది ఏమైనా నేర్చుకుంటారా, నేర్చుకునేలా ఎలా పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే కథ మంచిదే, ఎవరు చేశారో కనిపెట్టే పని మాత్రం తీసేయండి. మీ టీం పని నాలుగు ముక్కలే: చోటు క్షేమంగా ఉందా, మనిషి బతికున్నాడా, ఎవరికి ఫోన్ చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు. హంతకుణ్ణి వెతకమన్నారంటే ఈ నాలుగూ మరిచిపోయి, జనం కత్తి చుట్టూ గుమిగూడి వాదించుకుంటారు. నవ్వుకుంటూ ఇళ్లకు పోతారు, నిజంగా జరిగిన రోజున కూడా అదే చేస్తారు.

పోలీసు డిటెక్టివ్‌లకు శిక్షణ ఇచ్చినవాళ్లే ఈ తేడా ఎప్పుడో పట్టుకున్నారు. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ 1940ల్లో అనుమానాస్పద మరణాల ఘటనా స్థలాలను బొమ్మ గదులుగా చేయించింది. అడుగుకు అంగుళం చొప్పున కొలత. హార్వర్డ్‌లో పోలీసులకు జరిపే సెమినార్‌లో ఒక్కో గది ముందు గంటన్నర సేపు కూర్చోబెట్టేవారు. వాటిలో 18 ఇప్పటికీ బాల్టిమోర్‌లో మెడికల్ ఎగ్జామినర్ (మరణ కారణాలు తేల్చే అధికారి) కార్యాలయంలో ఉన్నాయి. ఇవి విప్పాల్సిన పొడుపుకథలు కావని, చూడటం, చూసినదాన్ని బేరీజు వేయడం అలవాటు చేయడానికని ఆవిడ స్పష్టంగా చెప్పింది. డిటెక్టివ్‌కే ముందు చూడటం నేర్పారంటే సెక్యూరిటీ గార్డు సంగతి చెప్పక్కర్లేదు. మీరూ ఒక పెద్ద అట్టపెట్టెలో పాంట్రీ నమూనా చేసుకోవచ్చు. అదే కొలత పెట్టుకుంటే 12 అడుగుల గది 12 అంగుళాల్లో ఇమిడిపోతుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఐదు నిమిషాలివ్వండి, కనిపించింది మాత్రమే చెప్పమనండి. "గొడవ జరిగింది" అంటే ఒప్పుకోవద్దు. "కుర్చీ పడి ఉంది, నేల తడిగా ఉంది" అంటే ఒప్పుకోండి. ఈ చిన్న పనికే సగం టీం తడబడుతుంది.

టీవీ అలవాటు చేసిన తప్పులు

సీఐడీ సోనీలో 1998లో మొదలైంది. అంటే మీ టీంలో చాలామంది దాన్ని చూస్తూ పెరిగినవాళ్లే. ఆ అలవాట్లు చేతుల్లోకి దిగి ఉంటాయి. డ్రిల్ పెట్టే ముందు వీటిని వదిలించాలి.

మొదటిది మెడ మీద రెండు వేళ్లు పెట్టి ఒక్క క్షణంలో "చనిపోయాడు" అనడం. శిక్షణ పొందినవాళ్లకు కూడా కంగారులో నాడి దొరకదు, లేదా తమ వేలి నాడినే లెక్కపెట్టుకుంటారు. మీ టీంకు నాడి సంగతే వద్దు. భుజాలు తట్టి గట్టిగా పిలవాలి, ఛాతీ లేస్తోందో లేదో పది సెకన్లకు మించకుండా చూడాలి. పలకకుండా, మామూలుగా ఊపిరి కూడా తీయకుండా ఉంటే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నెత్తురు ఆడించడం) మొదలుపెట్టాలి. ఇక్కడ టీవీ ఎప్పుడూ చూపించనిది ఒకటుంది. గుండె ఆగాక కొందరు మొదటి నిమిషాల్లో గురక లాంటి చప్పుడుతో ఉండి ఉండి నోరు తెరుస్తారు. అది ఊపిరి కాదు. "ఊపిరి ఉంది, ఆగుదాం" అని నిలబడిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. డ్రిల్‌లో పడి ఉన్నవాడిచేత ఆ చప్పుడు చేయించండి, టీం ఏం చేస్తుందో చూడండి.

రెండోది సీపీఆర్ ఫలితం. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశీలనలో అమెరికా టీవీ కార్యక్రమాల్లోని 60 సీపీఆర్ ఘటనలు లెక్కేశారు. 75 శాతం మంది అప్పటికప్పుడు బతికారు, 67 శాతం మంది చివరికి కోలుకున్నట్టు చూపించారు. బయట ప్రపంచంలో, ఆసుపత్రి అవతల గుండె ఆగినవాళ్లు పదిమందిలో ఒకరు బతికి బయటపడటమే గొప్ప. ఇది ముందే చెప్పకపోతే ఏమవుతుందంటే, అన్నీ సరిగ్గా చేసిన గార్డు కూడా మనిషి దక్కకపోతే తనవల్లే పోయాడని కుంగిపోతాడు, రెండోసారి ముందుకు రాడు.

మూడోది చేతిరుమాలుతో కత్తి ఎత్తడం. రుమాలు పెట్టి పట్టుకుంటే మీ వేలిముద్ర పడకపోవచ్చు, కానీ ఉన్న ముద్ర తుడుచుకుపోతుంది. ఎత్తకూడదు, జరపకూడదు, కాలితో తోయకూడదు. దాడి చేసినవాడు అక్కడే ఉండి ఆయుధం అతని చేతికి అందేలా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు టీం లోపలికి పోనే పోకూడదు, జనాన్ని బయటికి పంపి తలుపు వేసి పోలీసుల కోసం ఆగాలి.

నాలుగోది గుచ్చుకున్న కత్తిని హీరో లాగేయడం. గుచ్చుకున్నది ఏదైనా లాగొద్దు. నెత్తురును ఆపుతున్నది ఒక్కోసారి అదే. చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా కట్టాలి.

ఇక తలుపులు తన్నడం. సీఐడీలో ఇన్‌స్పెక్టర్ దయా తన్నితే తలుపు విరుగుతుంది కాబట్టి మీ కుర్రాళ్లూ తంతారు. బయటికి తెరుచుకునే తలుపును బయటినుంచి తంతే చట్రానికే తగులుతుంది, మడమ విరుగుతుంది. ముందు హ్యాండిల్ తిప్పి చూడమనండి (నవ్వకండి, సగం సందర్భాల్లో తాళం ఉండదు). తర్వాత మాస్టర్ కీ. మంట అనుమానం ఉంటే హ్యాండిల్ పట్టుకునే ముందు అరచేయి వెనకవైపు తలుపుకు ఆనించి వేడి చూడాలి. టాయిలెట్ క్యూబికల్ గడియలు చాలావాటికి బయట చిన్న గాడి ఉంటుంది, రూపాయి బిళ్లతో తిప్పితే తెరుచుకుంటుంది. ఇది తెలిసిన గార్డులు నాకు తెలిసి చాలా తక్కువ.

మీ పాంట్రీ కథను ఇలా మార్చండి

సాయంత్రం 6:40. మూడో అంతస్తు పాంట్రీ. ముగ్గురు నటులు చాలు. ఒకరు తొడ మీద గాయంతో నేల మీద. ఇంకొకరు మూల కూర్చుని పలకరు, చేతికి చిన్న కోత. మూడోవారు కేకలు వేస్తూ అందరి చేతులూ పట్టుకుని లాగుతుంటారు. రెండు అడుగుల దూరంలో రబ్బరు కత్తి. అసలు కత్తి డ్రిల్ జరిగే అంతస్తులో ఎక్కడా ఉండకూడదు, పాంట్రీలో పండ్లు కోసే చాకుతో సహా తీసేయించండి.

ఒక్కో నటుడికి అరచేతిలో పట్టే కార్డు ఇవ్వండి. నొప్పి ఎక్కడ, అడిగితేనే చెప్పాల్సింది ఏమిటి, ఏం చేస్తే తగ్గినట్టు నటించాలి అన్నవి అందులో ఉండాలి. ఉదాహరణకు "గాయం మీద గట్టిగా అదిమితే కేక ఆపు. రెండు నిమిషాలు ఎవరూ అదమకపోతే మాట తగ్గించు, నాలుగు నిమిషాలకు కళ్లు మూయి." ఊపిరి లెక్క నిజంగా లెక్కపెట్టినవాళ్లకే "నిమిషానికి 34" అని రాసిన చీటీ చూపించాలి. లెక్కపెట్టకుండా "ఎంత?" అని అడిగితే చూపించొద్దు. అతిగా నటించేవాడు దొరికితే వాణ్ణి మూల కూర్చునే పాత్రలో పెట్టండి.

నకిలీ నెత్తురుకు అర లీటరు లేత చక్కెర పాకం, రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, ఒక చెంచా కోకో పొడి చాలు. కోకో వేయకపోతే రోజ్‌మిల్క్‌లా కనిపిస్తుంది. దీన్ని రెండడుగుల ప్లాస్టిక్ షీటు మీదే పోయండి, షీటు నాలుగు వైపులా టేపు వేయండి. లేకపోతే టైల్స్ సందుల్లో మరక పోదు, పైగా ఎవరో ఒకరు జారి పడి నిజం ఎమర్జెన్సీ తెచ్చిపెడతారు. చీమల సంగతి మీకే తెలుసు.

నెత్తురు విషయంలో ఇంకో చిన్న అభ్యాసం డ్రిల్‌కు ముందురోజు చేయించండి. రంగు నీళ్లు పావు లీటరు, అర లీటరు, లీటరు చొప్పున మూడుచోట్ల, ఒకటి టైల్ మీద, ఒకటి కార్పెట్ ముక్క మీద, ఒకటి ముదురు ప్యాంటు గుడ్డ మీద పోసి, ఎంతో చెప్పమనండి. టైల్ మీద పావు లీటరు చూసి లీటరంటారు, ప్యాంటులో ఇంకిన లీటరును గుర్తించనే గుర్తించరు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్లు, అందులో లీటరున్నర పోతే ప్రాణానికే ముప్పు. అందుకే గుడ్డ కింద చెయ్యి పెట్టి చూడటం అలవాటు కావాలి.

తొడ గాయానికి టీం చేయాల్సింది అరచేతి మడమతో, మోచేతులు వంచకుండా గాయం మీద అదమడం. ఆగకపోతే గాయానికి నాలుగు వేళ్ల పైన, మోకాలి కీలు మీద పడకుండా టోర్నికే (నెత్తురు ఆపడానికి బిగించే పట్టీ) వేసి, బిగించిన సమయం దాని మీదే రాయాలి. నటుడి కాలికి టోర్నికే బిగించొద్దు. పక్కన చుట్టిన యోగా మ్యాట్ పెట్టి దాని మీద బిగించమనండి. ఛాతీ నొక్కడం కూడా అంతే, అది బొమ్మ మీదే. ఆ సమయానికి నటుడు పక్కకు దొర్లిపోయి బొమ్మ చోటులోకి రావాలి. నార్వేలో లేర్దాల్ సంస్థ 1960లో మొదటి సీపీఆర్ బొమ్మను తెచ్చింది ఈ పనికే. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. టీవీలో మోచేతులు వంచి నొక్కేది కింద ఉన్నది నిజం మనిషి కాబట్టి. మీ బొమ్మకు ఆ జాలి అక్కర్లేదు.

మధ్యలో రెండు మూడు అడ్డంకులు వేయండి, అంతకు మించొద్దు. రెండో నిమిషంలో లిఫ్టు ఆగిందని కబురు. ఐదో నిమిషంలో ఒక "పెద్ద మేనేజర్" వచ్చి లోపలికి పోనివ్వమని గద్దించడం. ఏడో నిమిషంలో ఒకడు ఫోన్‌తో వీడియో తీయడం. మూడో అంతస్తు నుంచి మెట్ల మీద స్ట్రెచర్ దించడానికి ఎంతసేపు పడుతుందో టీవీ ఎప్పుడూ చూపించదు, అక్కడ కట్ చేస్తారు. మీరు కట్ చేయొద్దు. నటుడి బదులు 60 కిలోల ఇసుక బస్తాలు కట్టి నిజంగా దింపించండి. మలుపు దగ్గర స్ట్రెచర్ తిరగదని అప్పుడే బయటపడుతుంది.

ఫోన్ కాల్

డ్రిల్‌లో అందరూ "నేను 112కు ఫోన్ చేసినట్టు" అని గాల్లో చేయి ఊపుతారు. దాన్ని ఒప్పుకోవద్దు. పక్క గదిలో ఒకరిని ఫోన్‌తో కూర్చోబెట్టండి, నిజంగా డయల్ చేయించండి. ఆ మనిషి కన్నడంలో మొదలుపెట్టాలి. మీ అనంతపురం కుర్రాడు ఏ భాషలో జవాబిస్తాడు, అడ్రసు చెప్పగలడా, చూడండి. "మారతహళ్లి దగ్గర టెక్ పార్కు" అంటే అంబులెన్సు వాడికి పది కనిపిస్తాయి. ఏ గేటు, సర్వీస్ రోడ్డు మీద ఏ వైపునుంచి రావాలి, ఎదురుగా ఏముంది, ఈ మూడూ ఒక చీటీ మీద కన్నడంలో, తెలుగు లిపిలో కూడా రాసి ప్రతి రెస్పాండర్ ఐడీ కార్డు వెనక పెట్టండి. ఒక మనిషిని గేటుకు పంపడం టీం మరిచిపోయే పనుల్లో మొదటి వరసలో ఉంటుంది. ఆ ఫోన్ పెట్టేయకుండా స్పీకర్‌లో ఉంచమని కూడా నేర్పండి.

పోలీసుల పని పోలీసులకు

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర దర్యాప్తు, విచారణ చట్టం, సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. మన వార్తల్లో క్లూస్ టీం అంటామే, వాళ్లు. కాబట్టి మీ గార్డు ఆధారాలు సేకరించకూడదు. అతను కాపాడాల్సినవి కొన్నే ఉన్నాయి.

లోపలికి, బయటికి ఒకే దారి. గోడ పక్కగా, నెత్తురు లేని వైపు. అందరూ అదే అడుగుల్లో నడవాలి. తలుపు దగ్గర ఒకరు నోటుబుక్కుతో నిలబడి ఎవరు, ఎన్నింటికి లోపలికి వెళ్లారో, ఎన్నింటికి బయటికి వచ్చారో రాయాలి. బట్టలు కత్తిరించాల్సి వస్తే కత్తిపోటు రంధ్రం గుండా కాకుండా పక్కగా కత్తిరించాలి. నెత్తురంటిన గుడ్డను ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు పట్టి చెడిపోతుంది, కాగితం సంచీలో వేయాలి. కుర్చీ జరిపారా, లైటు వేశారా, కుళాయి తిప్పారా, అవన్నీ పోలీసులకు చెప్పాలి. ప్రాణం కాపాడటానికి ఏది కదిపినా తప్పు కాదు, కదిపింది దాచడం తప్పు. దీన్ని డ్రిల్‌లో రెండుసార్లైనా నోటితో చెప్పించండి, ఎందుకంటే "పోలీసు కేసు" అనే భయంతో గాయపడ్డవాడి దగ్గరికి పోకుండా నిలబడేవాళ్లు ఇంకా ఉన్నారు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది, కానీ అది రోడ్డు ప్రమాదాలకే. పాంట్రీ ఘటనకు దాన్ని చూపించి ధైర్యం చెప్పకండి.

చెడిపోయే చోట్లు

డ్రిల్ ఎన్ని గంటలకో ముందే చెప్పేస్తే అందరూ బూట్లు బిగించుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంటారు. అసలు చెప్పకపోతే ఎవరో నిజంగానే 112కు ఫోన్ చేస్తారు, గుండె జబ్బు ఉన్నవాళ్లు కంగారు పడతారు. వారం చెప్పండి, రోజు, గంట చెప్పొద్దు. దగ్గరి పోలీసు స్టేషన్‌కు, ఫైర్ స్టేషన్‌కు, ఆ అంతస్తులో పనిచేసే కంపెనీలకు మాత్రం తేదీ, సమయం రాతపూర్వకంగా ఇవ్వండి. ఆపడానికి ఒక మాట పెట్టుకోండి. "నిజం, నిజం, నిజం" అని మూడుసార్లు ఎవరు అన్నా, నటుడైనా సరే, అక్కడికక్కడ అన్నీ ఆగిపోవాలి. "ఆపండి", "కాపాడండి" లాంటివి పనికిరావు, అవి కథలో మామూలుగానే వస్తాయి.

పొగ పెట్టాలని సరదా పడతారు. 2010 ఫిబ్రవరి 23న ఇదే ఊళ్లో కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది చనిపోయిన ప్రమాదంలో ప్రాణాలు తీసింది ముఖ్యంగా పొగ, దాన్నుంచి తప్పించుకోవడానికి కిటికీల్లోంచి దూకడం. పొగలో నడవడం నేర్పాల్సిందే, కానీ ఫాగ్ మెషీన్‌తో కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది, డిటెక్టర్లు మోగుతాయి. సేఫ్టీ కళ్లద్దాలకు బటర్ పేపర్ రెండు పొరలు అంటించండి, గోడ పట్టుకుని పాకుతూ మెట్లదాకా పొమ్మనండి. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

కొత్త టీంకు మొదటి డ్రిల్‌లో, సరిగ్గా చేస్తే రోగి బతకాలి. అన్నీ చక్కగా చేసినా "చనిపోయాడు" అని ప్రకటించడం కథకు రక్తి కట్టిస్తుందేమో గానీ, ఏది చేసినా ఒకటేనన్న పాఠం నేర్పుతుంది.

డీబ్రీఫ్ లేకపోతే డ్రిల్ లేనట్టే

డ్రిల్ 12 నిమిషాలైతే దాని మీద మాట్లాడుకోవడం కనీసం 25 నిమిషాలు ఉండాలి. అక్కడికక్కడే, టీ ఇచ్చి, గుండ్రంగా కూర్చోబెట్టండి. ప్రతి ఐదుగురికి ఒక పరిశీలకుడు చొప్పున ఐదుగురు ఉంటే, వాళ్ల చేతిలో సమయాలు ఉంటాయి: మొదటి మనిషి చేరింది 6:42, గాయం మీద చెయ్యి పడింది 6:45, ఫోన్ 6:46. ఆ వరస బోర్డు మీద రాసి చదవండి. మూడు నిమిషాలు ఎక్కడ పోయాయో వాళ్లే చెబుతారు.

"ఎందుకలా చేశావు?" అని మొదలుపెట్టొద్దు, నోరు మూసుకుంటారు. "అప్పుడు నీకు ఏం కనిపించింది?" అని అడగండి. కాంట్రాక్టు గార్డు తన ఏజెన్సీ సూపర్‌వైజర్ ముందు తప్పు ఒప్పుకోడు, ఉద్యోగం పోతుందని భయం. సూపర్‌వైజర్‌ను, మీ మేనేజర్‌ను మొదటి పది నిమిషాలు బయట ఉంచండి. కేకలు వేసిన భాషలోనే మాట్లాడనివ్వండి, ఇంగ్లిష్ అక్కర్లేదు. వీడియో తీసి ఉంటే ముప్పై సెకన్ల ముక్కలు రెండు చాలు, తర్వాత చెరిపేస్తామని ముందే చెప్పి చెరిపేయండి.

మీ మేనేజర్‌కు టీవీ సరదా తీరాలంటే డీబ్రీఫ్ చివర ఏదో ఒక క్రైమ్ సీరియల్ ముక్క నిమిషంన్నర, మ్యూట్‌లో చూపించి తప్పులు లెక్కపెట్టమనండి. ఎక్కువ పట్టినవాడికి బహుమతి.

సాయంత్రం అందరూ వెళ్లిపోయే ముందు రెండు పనులు మీరే స్వయంగా చూడండి. అలారం ప్యానెల్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి ఉంటే తిరిగి నార్మల్‌కు మార్చి, మార్చిన సమయం రిజిస్టర్‌లో రాయించండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి డ్రిల్‌కు తీసిన గాజ్, టోర్నికే మళ్లీ పెట్టెలో చేరాయో లేదో లెక్కపెట్టండి, అవి డ్రిల్ సామాన్ల సంచీలోనే ఉండిపోవడం మామూలు.